యుగాంతం ఎప్పుడో యూదులనడిగితే

2025 జూన్ 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడి మొదలెట్టింది. పన్నెండు రోజులు సాగిన ఆ యుద్ధంలో నా ఫోనుకి రెండు రకాల మెసేజిలొచ్చాయి. కాలేజీ స్నేహితుల గ్రూపులో "యెహెజ్కేలు 38వ అధ్యాయం నెరవేరుతోంది, గోగు మాగోగు యుద్ధం ఇదే, పర్షియా పేరు కూడా ఉంది చూస్కోండి" అని వీడియోల మీద వీడియోలు. మా ఊరి గ్రూపులో మాత్రం "మనోళ్లు బంకర్ల ఉన్నరట, ఫోన్లు కలుస్తలేవు" అని రెండే రెండు ముక్కలు.

మాది నిజామాబాద్ జిల్లా సిరికొండ. మా వైపు మనిషి గల్ఫ్‌కి పోని వాడ ఉండదు. ఇజ్రాయెల్‌కి పోయినవాళ్లూ ఉన్నారు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వాళ్లు అక్కడి ముసలివాళ్ళకి సేవ చేసే పనుల్లో ఏళ్లుగా ఉన్నారు. 2024లో అయితే భవన నిర్మాణ పనులకోసం హైదరాబాదులోనే మనుషుల్ని ఎంపిక చేసి పంపారు. అంచేత ఒకే యుద్ధం ఒకరికి "ఆహా, చెప్పినట్టే జరుగుతోంది" అన్న సంబరం, ఇంకొకరికి "కొడుకు ఫోనెత్తట్లేదు" అన్న గుబులు.

ఆ సంబరమే నాకు మింగుడు పడలేదు. సరే, యెహెజ్కేలు, దానియేలు, జెకర్యా... ఈ పుస్తకాలన్నీ మొదట ఎవరివి? యూదులవి. రెండువేల ఏళ్లకు పైగా వాటిని హీబ్రూలో చదువుతూ, వాదించుకుంటూ ఉన్నది వాళ్లు. మరి వాళ్లేమంటున్నారో ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యరేం? అలా మొదలైంది నా చదువు. ఆఫీసులో బిల్డ్ నడుస్తున్నంతసేపూ తల్మూద్ అనువాదాలు చదవడం అలవాటైపోయింది :)

మొట్టమొదట తెలుసుకోవలసింది, మనం "అంత్యదినాలు" అనుకునే మాటకి హీబ్రూలో ఉన్నది "అఖరిత్ హయామిమ్". అంటే "రోజుల చివరి భాగం", "రాబోయే కాలం" అని. భూగోళం పేలిపోవడం దాని అర్థం కాదు. యూదుల లెక్కలో ముగిసిపోవలసింది ప్రపంచం కాదు, పరాయిపాలన, ప్రవాసం. యెషయా, మీకా ఇద్దరూ ఈ మాట వాడిన చోట చెప్పేది కత్తుల్ని సాగదీసి నాగటి కర్రులు చేసుకునే రోజుల గురించి. ఇక లెక్కలరాయుళ్లందరికీ ఇష్టమైన దానియేలు గ్రంథాన్ని యూదులు ప్రవక్తల విభాగంలో పెట్టనే లేదు. "రచనలు" అనే మూడో విభాగంలో పెట్టారు, కీర్తనలు, సామెతల పక్కన. అందులో 1290 రోజులు, 1335 రోజులు అంటూ అంకెలున్నాయి. ఇంజనీరు కంటికి అంకె కనపడితే ఊరుకోదు కదా, వాళ్లలోనూ చాలామంది ఊరుకోలేదు. ఆ కథ తర్వాత.

తల్మూద్‌లో సన్‌హెడ్రిన్ అనే గ్రంథం ఉంది. దాని చివరి అధ్యాయంలో పండితులు ఈ విషయం మీద పేజీలకొద్దీ కొట్టుకుంటారు. ఒకాయన లోకం ఆరువేల ఏళ్లంటాడు - రెండువేలు శూన్యం, రెండువేలు ధర్మశాస్త్రం, రెండువేలు మెస్సీయ కాలం. (2025 సెప్టెంబరులో మొదలైన యూదు సంవత్సరం 5786. ఆరువేలు నిండేది 2240లో. ఈ లెక్కన హోమ్ లోను ఎగ్గొట్టే ఛాన్సు మనకెవరికీ లేదు.) ఇంకొకాయన, రావ్, అనుకున్న తేదీలన్నీ దాటిపోయాయి, ఇక మిగిలింది మనుషులు మారడం, మంచి పనులు చెయ్యడమే అంటాడు. షమూయేల్ అనే ఆయన మరీ నేలమీది మనిషి. ఇప్పటి లోకానికీ మెస్సీయ కాలానికీ తేడా ఒక్కటే, పరాయి రాజుల కింద బతకక్కర్లేదు, అంతే అని తేల్చేశాడు.

ఇదే చోట ఒక పండితుడు, అంతం ఎప్పుడో లెక్కలు కట్టేవాళ్లని శపించాడు కూడా. కారణం చూడండి. లెక్క కట్టిన రోజు వస్తుంది, మెస్సీయ రాడు, అప్పుడు జనం "ఇక రాడు" అనుకుని ఆశే వదిలేస్తారట. అంటే తేదీ చెప్పడం నాస్తికత్వానికి దగ్గరి దారి అన్నమాట. ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్లకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మూడుసార్లు రిలీజు తేదీ మారాక నాలుగోసారి మేనేజరు చెప్పిన తేదీని ఎవరు నమ్ముతారు?

ఎండిన ఎముకలు లేచి నిలబడ్డ యెహెజ్కేలు దర్శనం మీద జరిగిన వాదన నాకు భలే నచ్చింది. ఒకాయన అది ఉపమానం అన్నాడు. ఇంకొకాయన కాదు, వాళ్లు నిజంగానే లేచారు, ఇజ్రాయెల్ దేశానికెళ్లి పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని కన్నారు అన్నాడు. అంతలో యెహూదా బెన్ బతేరా అనే ఆయన లేచి, "నేను వాళ్ల సంతతివాణ్ణే, ఇవిగో మా తాత నాకిచ్చిన తెఫిల్లిన్" అన్న ధోరణిలో చెప్పాడట. (తెఫిల్లిన్ అంటే ప్రార్థనప్పుడు చేతికీ నుదుటికీ కట్టుకునే తోలు పెట్టెలు.) విశేషమేంటంటే ఆ పుస్తకం ఎవరినీ గెలిపించదు. ఉపమానం అన్నవాడూ ఉన్నాడు, నిజం అన్నవాడూ ఉన్నాడు, ఇద్దరూ అదే పేజీలో పక్కపక్కనే కూర్చున్నారు.

ఇక 12వ శతాబ్దపు మైమోనిడీస్. స్పెయిన్‌లో పుట్టి ఈజిప్టులో వైద్యం చేసుకుంటూ యూదు ధర్మశాస్త్రాన్నంతా ఒక క్రమంలో పెట్టిన మనిషి. ఆ మహాగ్రంథం చివరి రెండు అధ్యాయాల్లో మెస్సీయ గురించి రాశాడు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదీ: లోకం ఎప్పటిలాగే నడుస్తుంది, ప్రకృతి నియమాలు మారవు. తోడేలూ గొర్రెపిల్లా కలిసుండడం ఉపమానం, జాతులు శాంతిగా బతకడమే దాని భావం. మెస్సీయ మహిమలు చూపించనక్కర్లేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది జరిగేదాకా ఎవరికీ తెలీదు, కాబట్టి ఆ వివరాల మీద కాలం వృథా చేసుకోవద్దు. ఇంత చెప్పినాయన కూడా, అంతకు ముందు 1172 ప్రాంతంలో కష్టాల్లో ఉన్న యెమెన్ యూదులకి రాసిన ఉత్తరంలో, లెక్కలు కట్టొద్దంటూనే, మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే తేదీ ఒకటుందని 1210 దరిదాపుల సంవత్సరం చెప్పాడు! నేనిందులో తప్పు పట్టను. ఏడుస్తున్నవాళ్లకి సిద్ధాంతం చెప్తే చాలదు, ఏదో ఒక తేదీ చెప్పాలనిపిస్తుంది.

అసలు ఈ తేదీల చరిత్ర చూస్తే అన్నీ కన్నీళ్ల పక్కనే పుట్టాయి. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చారు. ఆ తర్వాత 132లో బర్ కొఖ్‌బా తిరుగుబాటు చేస్తే, రబ్బీ అకీవా అంతటివాడు ఇతనే మెస్సీయ అన్నాడు. పక్కనున్న ఇంకో పండితుడు, నీ చెంపల మీద గడ్డి మొలిచినా అతను రాడయ్యా అని అక్కడే ఎద్దేవా చేశాడు. 135కల్లా తిరుగుబాటు రక్తపుటేరుల్లో ముగిసింది. 1492లో స్పెయిన్ యూదుల్ని వెళ్లగొట్టింది. అలా బయటపడ్డ అబ్రవనెల్ దానియేలు మీద వ్యాఖ్య రాస్తూ 1503 నుంచి విమోచన మొదలౌతుందని లెక్కగట్టాడు. మొదలవ్వలేదు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ సబ్బతాయ్ జ్వీది. 1665లో ఇతనే మెస్సీయ అని యెమెన్ నుంచి పోలండ్ దాకా యూదులు నమ్మేశారు. ఆస్తులమ్ముకున్నారు. గ్లూకెల్ అనే జర్మనీ యూదు వ్యాపారి ఆవిడ తన జ్ఞాపకాల్లో ఒక సంగతి రాసింది. వాళ్ల మామగారు పవిత్రభూమి ప్రయాణానికని ఎండబెట్టిన మాంసం, బఠానీలు, బట్టలు పీపాలకెత్తించి హాంబర్గ్ పంపించాడు, పిలుపు రాగానే ఓడెక్కుదామని. మూడేళ్లు ఆ పీపాలు అలాగే ఉన్నాయట. ఈలోగా 1666 సెప్టెంబరులో టర్కీ సుల్తాను ముందు సబ్బతాయ్ జ్వీ మతం మార్చుకుని ముస్లిమైపోయాడు. వీసా వస్తుందని సూట్‌కేసులో అప్పాలూ, మామిడికాయ తొక్కూ సర్దుకుని నెలలకొద్దీ ఎదురుచూసిన ఇళ్లు మా మండలంలో బోలెడు. ఏజెంటు మోసం చేశాక ఆ సూట్‌కేసు విప్పడం ఎంత కష్టమో వాళ్లనడగాలి.

గోగు ఎవరన్నదీ అంతే. నెపోలియన్ యుద్ధాలప్పుడు కొందరు హసిదీ గురువులు గోగు మాగోగు ఇదేనని నమ్మారు. మార్టిన్ బూబర్ దాని మీద ఏకంగా నవలే రాశాడు. ఆ తర్వాత ఎంతమంది గోగులు మారారో! మనకి ఇది కొత్తేం కాదు. ఎక్కడ ఏం జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనడం మనకలవాటే. 2020లో కరోనా వచ్చినప్పుడు కాలజ్ఞానంలో ఉందంటూ వాట్సాప్ అంతా తిరిగింది. నాకు బాధేంటంటే, దూదేకుల సిద్ధయ్యని, మాదిగ కక్కయ్యని శిష్యులుగా చేసుకున్న పోతులూరి వీరబ్రహ్మంగారి అసలు పని పక్కకి పోయి, జ్యోతిష్యం ఒక్కటే మిగలడం. జరిగిపోయాక లాగ్ చూసి "ఇదే నేనన్నది" అనడం ఎవరైనా చెయ్యగలరు. జరగకముందు ఏం చెయ్యమన్నాడు అన్నది కదా ప్రశ్న.

ఈ కాలపు యూదుల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. అవే వచనాలు చదివి రావ్ కూక్ శిష్యపరంపర ఇజ్రాయెల్ దేశం ఏర్పడడమే విమోచనకి తొలి మొగ్గ అంటుంది. అవే గ్రంథాలు చదివి సత్మార్ గురువు యోయెల్ టైటెల్‌బామ్, మెస్సీయ రాకముందే బలవంతంగా దేశం కట్టుకోవడం మహాపాపం అన్నాడు. అసలు మెస్సీయ అంటే ఎప్పటికీ "రాబోయేవాడే", వచ్చేశాను అన్నవాడు దొంగే అన్నాడు యెషయాహు లైబోవిచ్. ఆయన శాస్త్రవేత్త, ఆపైన నియమం తప్పని యూదుడు. కాబట్టి ఈసారి ఎవరైనా "యూదుల ప్రవచనం ప్రకారం..." అని మొదలెడితే, "ఏ యూదుల ప్రకారమండీ?" అని ఒక్క ప్రశ్న వెయ్యండి చాలు.

ఇప్పుడు మనింటి సంగతి. తెలుగు యూదులున్నారని మీలో ఎంతమందికి తెలుసు? గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో నలభై దాకా కుటుంబాలు తమని "బెనె ఎఫ్రాయిము" అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటాయి. మాదిగ కుటుంబాలు. వాళ్ల పెద్దలు క్రైస్తవంలో చేరినవాళ్లు. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో 1980ల చివర్లో యూదు ఆచారాలు పాటించడం మొదలుపెట్టారు. 1990ల మొదట్లో ఊళ్లోనే ప్రార్థనామందిరం కట్టుకున్నారు. శనివారం విశ్రాంతి, హీబ్రూ ప్రార్థనలు, తెలుగు మాటలు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అని ఇద్దరు పరిశోధకులు వీళ్ల మీద రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు.

క్రీ.పూ. 722లో అస్సీరియా ఉత్తర ఇజ్రాయెల్ రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెదరగొట్టింది. తప్పిపోయిన పది గోత్రాలంటే వాళ్లే. వాళ్లకి ఇంకో పేరు ఎఫ్రాయిము. ఎండిన ఎముకల దర్శనం ఉన్న యెహెజ్కేలు 37లోనే రెండు కర్రల సంగతీ ఉంది. ఒక కర్ర మీద యూదా పేరు, ఇంకో కర్ర మీద యోసేపు, ఎఫ్రాయిము పేరు. రెండూ ప్రవక్త చేతిలో ఒకటైపోతాయి. అంత్యదినాల గురించి ఎంతోమంది గోగునీ అగ్నినీ చూస్తుంటే, కొత్తరెడ్డిపాలెం వాళ్లు ఈ రెండో కర్రని చూశారు. ఊరికి అవతల వాడలో తరతరాలు బతికినవాళ్లకి ఆ పుస్తకంలో దొరికింది ప్రళయం కాదు, "తప్పిపోయినవాళ్లని మళ్లీ పిలుచుకుంటారు" అన్న కబురు. యుద్ధం ఎప్పుడు అని కాదు, మనం ఎవరం అని చదివారన్నమాట.

మరి ఆ గోత్రాలు తిరిగొస్తాయా? ఈ వాదన మిష్నా కాలానిదే, ఇంచుమించు 1900 ఏళ్లనాటిది. రబ్బీ అకీవా రారు అన్నాడు. రబ్బీ ఎలియెజెర్, పొద్దు చీకటిపడి మళ్లీ తెల్లారినట్టు వాళ్లకీ తెల్లారుతుంది అన్నాడు. గుంటూరు జిల్లాలో ఒక వాడ బతుకు ఈ ఇద్దరి మాటల మధ్య వేలాడుతోందంటే ఆశ్చర్యంగా లేదూ! మిజోరం, మణిపూర్‌ల బెనె మెనాషేని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ తప్పిపోయిన గోత్రం వాళ్లుగా ఒప్పుకున్నాడు, వేలమంది అక్కడికి చేరారు. బెనె ఎఫ్రాయిముకి అలాంటి గుర్తింపు దక్కలేదు. అస్సీరియా నుంచి కృష్ణాతీరం దాకా వచ్చారనడానికి చరిత్రలో ఆధారం చూపలేం, నిజమే. అయితే ఎవరి వంశవృక్షానికి ఆధారం అడుగుతాం, ఎవరిదాన్ని అడక్కుండా ఒప్పుకుంటాం? సూర్యవంశమనీ, ఫలానా ఋషి గోత్రమనీ చెప్పుకునేవాళ్లని పత్రాలు చూపమన్నవాడు నాకింతవరకూ కనపళ్లేదు. మాదిగవాడు ఎఫ్రాయిము గోత్రం అనగానే అందరికీ డి.ఎన్.ఏ. గుర్తొస్తుంది.

సన్‌హెడ్రిన్‌లోనే ఉన్న ఒక కథ చెప్పి ఆపేస్తాను. ఒక రబ్బీ "మెస్సీయ ఎక్కడ?" అని ఏలియా ప్రవక్తనే అడిగాడట. రోము నగర ద్వారం దగ్గర, రోగిష్టి బీదవాళ్ల మధ్య కూర్చున్నాడు, పో అన్నాడు ఏలియా. గుర్తుపట్టేదెలా? మిగతావాళ్లు కట్లన్నీ ఒక్కసారే విప్పి మళ్లీ కట్టుకుంటారు. ఆయన మాత్రం ఒక్కొక్క కట్టే విప్పి కట్టుకుంటాడు, పిలుపొస్తే క్షణం ఆలస్యం కాకూడదని. ఈ కథ మా జిల్లావాళ్లకి తొందరగా అర్థమౌతుంది. మాకు డిచ్‌పల్లి ఉంది. ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి పెట్టింది. దానికి సాయం చేసింది రాజా నర్సాగౌడ్ అనే స్థానిక దాత. ఊళ్లోంచి గెంటేసినవాళ్లకి అక్కడ ఒక్కొక్క కట్టూ విప్పి కట్టారు. అంత్యదినాల గురించి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకైతే ఏ వీడియోలోనూ దొరకలేదు.

ఆలయం కూలిన కాలంలో బతికిన యోహనాన్ బెన్ జక్కాయ్ పేరుమీద ఇంకో మాటుంది. నీ చేతిలో మొక్క ఉండగా "మెస్సీయ వచ్చాడు" అని ఎవరైనా అరిస్తే, ముందు మొక్క నాటు, ఆ తర్వాత వెళ్లి ఆయన్ని ఎదుర్కో అని. అన్నీ పోగొట్టుకున్న తరం చెప్పిన మాట ఇది, ఏ లోటూ లేనివాడు ఏసీ గదిలో కూర్చుని చెప్పింది కాదు. మృగశిర కార్తెలో పసుపు కొమ్ము భూమిలో పెట్టి, తవ్వడానికి ఎనిమిది తొమ్మిది నెలలు ఆగి, ఉడకబెట్టి, ఎండబెట్టి, నిజామాబాద్ యార్డుకి తీసుకెళ్లేదాకా ధర ఎంతో తెలియని మావాళ్లకి ఈ మాట కొత్తగా చెప్పేదేం లేదు. రేపేమౌతుందో తెలిసి ఎవరూ పసుపు పెట్టరు. తెలియకపోయినా పెడతారు.

నా మట్టుకు నాకు అర్థమైంది ఇంతే. ప్రవచనాన్ని తేదీల పట్టికలా చదివితే అవతలివాడి ఊరు తగలబడుతున్నా సంబరపడడమే మిగుల్తుంది. చెయ్యాల్సిన పనిలా చదివితే మొక్కలూ, కట్లూ, ఇంటికి పిలుచుకోవలసిన మనుషులూ కనపడతారు. రెండువేల ఏళ్లు దెబ్బలు తిని యూదు పండితుల్లో చాలామంది రెండోదే మేలన్నారు. మరి మీరేమంటారు?